యాకయ్య రాసిన తారీఖు

నేను ఒక్క మాట చెప్పి ఉంటే యాకయ్య నౌకరి పోయేది కాదు. ముందే చెప్పేస్తున్నాను, నాకు నాన్చడం చేతకాదు. నా నోటి దురుసు గురించి మడికొండలో ఎవర్నడిగినా చెబుతారు. బోరింగు దగ్గర, బస్సులో, రేషన్ షాపు ముందు నాతో పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు. మా ఆయన రాంచందర్ కాజీపేట లోకోషెడ్డులో పనిచేసేవాడు. అక్కడి ఇంజన్ల కూతకు చెవులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి గాని, నీ మాటకు మాత్రం ఇంకా ఉలిక్కిపడతాను అనేవాడు. అంత నోరూ కావలసిన రోజున మూసుకుపోయింది.

ఆ రోజుల్ని తలుచుకుంటే ముందుగా నా కళ్ల ముందు తెల్లని మసక ఒకటి పరుచుకుంటుంది. వానాకాలం మొదలయ్యాక మలేరియా వాళ్లు ఊళ్లోకి దిగేవారు. మందు కొట్టే రోజు ఊరంతా ఇండ్లలోంచి బయటికొచ్చేది. గిన్నెలు, కుండలు, మంచాలు, దేవుడి పటాలు, పెళ్లినాటి ట్రంకుపెట్టెలు, కదల్లేని ముసలివాళ్లు, అన్నీ వాకిట్లోనే. ఎవరింట్లో ఏముందో, ఏం లేదో ఆ ఒక్క పూటా అందరికీ తెలిసిపోయేది. పక్కింటి అనీస్ బేగం తన సామాన్ల మీద దుప్పటి కప్పి దాని మీద తనే కూర్చునేది. "ఎవలెత్కపోతరే నీ చింపిరి బొంతల్ని?" అని నేను నవ్వితే, "ఎత్కపోతరని కాదు, నీ అసోంటోళ్లు లెక్కవెడ్తరని" అనేది.

ఖాళీ ఇండ్ల లోపల యాకయ్య ఉండేవాడు. ఖాకీ చొక్కా, ముక్కుకు తువ్వాల, భుజాన పంపు, చేతిలో పొడుగాటి ఇత్తడి గొట్టం. మనిషి సన్నగా, తాటిపట్టె మాదిరిగా ఉండేవాడు. మిగతా వాళ్లు ఇంట్లో దూరి బుస్సు బుస్సుమని కొట్టేసి బీడీకి బయటపడితే, ఈయన పైనుంచి కిందికి, పైనుంచి కిందికి, పసిదానికి తల దువ్వినంత నెమ్మదిగా గోడల మీద మందు పట్టించేవాడు. పెంకుల మధ్య పెట్టిన గాజుపెంకులోంచి ఎండ ఒక పట్టీలాగా దిగేది. ఆ పట్టీలో మందు తెల్లగా, మెల్లగా తిరుగుతూ ఎంతకీ కిందికి దిగేది కాదు. పని అయిపోయాక కూడా ఆయన అర్ర మధ్యలో కాసేపు నిలబడిపోయేవాడు.

కొత్తగా కాపురానికొచ్చిన ఏడాది, గడపలోంచి తొంగిచూసి అడిగాను.

"ఏం సూస్తానవ్ యాకన్నా?"

"సముద్రం చెల్లె."

"నువ్వెన్నడు సూసినవ్ సముద్రం?"

"సూడలే. గిట్లనే ఉంటదేమో అనుకుంట నిలబడ్డ."

ఆయన వెళ్లిపోయాక ఇంట్లో ఒక వింత నిశ్శబ్దం ఉండేది. ఈగ లేదు, దోమ లేదు, గోడమీద బల్లి కూడా చప్పుడు చేయదు. మందు వాసనకి తల దిమ్ముగా ఉండి, సామాను సర్దుతూ సర్దుతూనే గోడకి ఆనుకుని కునికేదాన్ని. నా ఇల్లే ఎవరిదో ఇల్లనిపించేది. లేచేసరికి మధ్యాహ్నం అయిపోయి ఉండేది.

యాకయ్యది సీజను నౌకరి. వానల్లో నాలుగు నెలలు ఖాకీ, మిగతా కాలం కైకిలి కూలి. అలా పదమూడేండ్లు చేశాడు. పదమూడో ఏట, అంటే డెబ్బై ఆరులో, హనుమకొండ ఆఫీసు నుంచి కొందరి పేర్లు పర్మనెంటుకు పంపుతారని తేలింది. ఆ జాబితాలో యాకయ్య పేరుంది. ఈ ఒక్క సీజను మీద మచ్చ లేకుండా గడిచిపోతే చాలన్నారు. అది ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. "ఎండకాలంల సుత ఖాకీ తొడుక్కుంట, సూడుండ్రి. దోమలు లేకున్నా తొడుక్కుంట" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు మరి.

కాని మందు మీద అప్పటికే జనానికి మనసు విరిగిపోయింది. దానికి కారణం నల్లులు. నేను రాకముందు మందు కొడితే నల్లులు కూడా చచ్చేవట. నా కాలానికి వాటికి మందు పట్టడం మానేసింది. పైగా గోడ సందుల్లో పడుకున్నవి ఆ ఘాటుకు కలవరపడి పట్టపగలే బారులు తీరి బయటికొచ్చేవి. మంచం నులక నిండా, బొంత కుట్ల నిండా అవే. వారం పాటు మంచాలు వాకిట్లో వేసి బాదడం, మంచం కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోయడం, మళ్లీ బాదడం. మా అత్త సమ్మమ్మ అయితే యాకయ్య కనబడితే చాలు, "దోమల మందు కాదురా అది, నల్లులకు దావత్ ఇస్తానవ్ నువ్వు" అనేది. "ఆటికి నా మొకం అలవాటైంది అవ్వా, ఏం జేయను" అని ఆయన నవ్వేవాడు.

ఆ ఏడాది మందువాళ్లు వచ్చేసరికి మా అత్త ఇంట్లో లేదు. ఆడబిడ్డ కాన్పుకని తొర్రూరు పోయింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేనూ, రెండేండ్ల నా బిడ్డ స్వరూపా ఉన్నాం. ఆ ఆదివారం పోచమ్మకు బోనాలు. మూడు రోజులు కష్టపడి గోడలన్నీ ఎర్రమట్టితో అలికి, అడుగున ఎర్ర జాజు పూసి, దాని మీద సున్నంతో చుక్కలు, లతలు, వరసగా చిలకలు వేశాను. అంత బాగా అంతకు ముందెప్పుడూ కుదరలేదు. చేతులు పగిలిపోయాయి గాని, నిలబడి చూసుకుంటుంటే ఆకలి కూడా వేయలేదు.

యాకయ్య గడపలోకి వచ్చాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"మా ఇంట్ల వద్దు యాకన్నా."

"వద్దంటే ఎట్ల చెల్లె? చిన్న పోరి ఉన్నది ఇంట్ల."

"నీ తెల్లబూడిద నా గోడల మీద పడితే ఊకోను. నల్లులతోని సస్తాన్నం, అది సాలదా? ఆదివారం పండుగ. నువ్వు కొట్టినవో, నీ పంపు బాయిల పారేస్త."

ఆయన నా మాటలు విన్నాడో లేదో తెలియదు. నా భుజం మీదుగా గోడల్నే చూస్తున్నాడు. చిలక చిలక దగ్గరా ఆగి చూశాడు. "ఎంత మంచిగేసినవ్ చెల్లె" అన్నాడు. చేతిలో గొట్టం కిందికి దించి, "దీని మీద నాకు సుత చెయ్యి రాదు" అన్నాడు. వద్దన్న ఇంటిని వద్దన్నట్టు కాగితంలో రాయాలి. అలాంటివి ఎక్కువైతే గుంపు మేస్త్రీ మందలిస్తాడు, అదీ మచ్చ పడకూడని ఆ ఏడాది. నాకు తెలుసు. చల్ల తెచ్చి ఇచ్చాను. తాగి, జాజు డబ్బా తీసి, తలుపు పక్కన బయటి గోడ మీద మందు కొట్టినట్టు తారీఖు రాశాడు.

"పండుగ అయినంక అస్త. అప్పుడన్న కొట్టనియ్యి" అన్నాడు.

పండుగ అయ్యాక వచ్చాడు కూడా. నేనే ఇంకో వారం అన్నాను. ఆ తర్వాత వాళ్ల గుంపును వేరే ఊళ్లకు పంపారు.

భాద్రపదంలో స్వరూపకు జరం వచ్చింది. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం సరిగ్గా అదే వేళకి వణుకు పుట్టేది. ఎన్ని బొంతలు కప్పినా పళ్లు టకటకలాడేవి. తర్వాత ఒళ్లు పెనంలా కాలేది. ఆ వేడిలో దాని కళ్లు గోడల మీద తిరిగేవి. "అవ్వా, పిట్టలు ఎగుర్తానయ్" అని నాతో అనేది. నేనూ చూసేదాన్ని. నాకూ ఎగురుతున్నట్టే ఉండేది. నిద్ర లేక, తిండి లేక, పగలే కలలో ఉన్నట్టు తిరిగాను. మా అత్త కబురు అంది తొర్రూరు నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. హనుమకొండ దవాఖానలో రక్తం చూసి మలేరియా అన్నారు. తొమ్మిదో రోజున పిల్ల మాట పడిపోయింది. డాక్టరమ్మ నా మొహం చూడకుండా పక్కకు తిరిగి మాట్లాడింది. ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే, డ్యూటీకి పోకముందు, యాకయ్య దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. లోపలికి రాలేదు.

పిల్ల బతికింది. పన్నెండో రోజున బువ్వ అడిగింది.

ఇంటికి తెచ్చుకున్న నాలుగో రోజున జీపు వచ్చింది. జరం వచ్చిన ఇంటిని చూడాలి కదా వాళ్లు. జీపులోంచి దిగిన సారు తలుపు పక్కన తారీఖు చూశాడు, లోపలికొచ్చి గోడలు చూశాడు. చిలకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తెల్లపొడి ఆనవాలే లేదు. వెంట యాకయ్య, మేస్త్రీ. వాకిట్లో సగం ఊరు.

"ఈ ఇంట్లో మందు కొట్టారా అమ్మా?"

"కొట్టలేదు సార్" అన్నాను.

"ఎందుకు కొట్టలేదు?"

అదే ఆ మాట చెప్పవలసిన చోటు. పక్కనే మా అత్త నడుముకు కొంగు బిగించి నిలబడింది. "ఎవని వల్లరా నా బిడ్డ సావుదాక పోయింది? వాడెవడో జెప్పుండ్రి, వాని పాడెగట్ట" అని అరుస్తోంది. మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. యాకయ్య నన్నొకసారి చూశాడు. నేను తల దించుకున్నాను. ఛీ, ఇప్పటికీ ఆ తల దించుకోవడం గుర్తొస్తే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

"నేనే కొట్టలే సార్" అన్నాడు ఆయన. "ఆనాడు ఒళ్లు బరువైంది. తారీఖు రాసి పోయిన."

మా అత్త చేటెడు మన్ను తీసుకుని ఆయన మొహాన కొట్టింది. ఆయన తువ్వాలతో తుడుచుకుని జీపు వెనకాల నడిచి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా పేరు తీసేశారు, పర్మనెంటు జాబితాలోంచే కాదు, సీజను పనిలోంచి కూడా. పిల్ల మందులకని చెప్పి, దాన్ని చంకనేసుకుని బస్సెక్కి హనుమకొండ ఆఫీసుకు పోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడి పెద్ద సారు ఫైలు తిప్పి ఒక కాగితం చూపించాడు. బద్ధకించి కొట్టలేదని, ఇంటివాళ్లు ఎవరూ వద్దనలేదని యాకయ్యే రాసి సంతకం పెట్టాడు.

"ఆ రోజే చెప్తే మందలించి ఒదిలిపెడుదుము గదమ్మా" అన్నాడు సారు. "ఇప్పుడు ఆయన రాసిచ్చిండు, పైకి పోయింది. నేనేం జేయాలె?"

మడికొండలో బస్సు దిగి నేరుగా యాకయ్య ఇంటికి నడిచాను. ఊరి అవతలి కొసన ఉండేది. అంతకు ముందెప్పుడూ పోలేదు. గోడలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఏండ్ల తరబడి అలుకు ఎరగని గోడలు. మట్టి పెళ్లలు రాలి, లోపలి రాళ్లు బయటపడి, వాటి మీద ఏడేడు పొరలుగా తెల్లమందు. ఆయన భార్య భద్రమ్మ ఒక మూల కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి పీట జరిపి, మళ్లీ గింజల మీదికి వంగింది.

యాకయ్య నన్ను బయటికి తీసుకొచ్చాడు. నేను ఆయన మీదే విరుచుకుపడ్డాను. నాకు ఏడుపొస్తే కోపమే వస్తుంది.

"ఎవలడిగిండ్రు నిన్ను గట్ల రాయుమని? నేను వద్దన్న, తిట్లు నేనే పడుదు. నీ నౌకరి పోయింది గదా! పిచ్చిగాని లేసిందా నీకు?"

"జర మెల్లగ చెల్లె, ఆమెకు ఇనవడుతది" అన్నాడు. కాసేపు నేలమీద పుల్లతో గీతలు గీశాడు.

"మాకు ఒక పోరి ఉండె. నాలుగేండ్లది. మా ఇంట్ల నేనే మందు కొట్టిన. మూడు నెలలు గోడ ముట్టద్దని ఊరందరికి జెప్పేటోణ్ణి, ఇంట్ల జెప్పలే, ఆమెకు తెల్వదా అనుకున్న. బతుకమ్మ పండుగని మందు మీద మంచిగ అలికింది. నీ లెక్కనే పూలు సుత ఏసింది. పోరికి జరమొచ్చింది. పోయింది."

నేను స్వరూపను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"పాడె లేసేటప్పుడు ఒక మాట అన్న చెల్లె. మందు మీద మన్ను పూసి బిడ్డను నువ్వే సంపుకున్నవ్ అన్న. ఒక్కసారే అన్న. తెల్లారి కాళ్ల మీద పడ్డ, తప్పైందన్న. ఆమె గది ఇనలే. గా మొదటి మాటనే ఇంటాంది ఇప్పటిదాక. ఇగ గోడ ముట్టలే, ముగ్గు ముట్టలే."

"మా అత్త గట్లాంటిది కాదు" అన్నాను, నమ్మకం లేకుండానే.

"మంచిదే. గని కోపంల గదే మాట అంటది. నేను మంచోణ్ణి కాదా? నేననలేదా? నౌకరిదేముంది చెల్లె. నువ్వు జెప్పకు."

నేను చెప్పలేదు. ఏడేండ్లు చెప్పలేదు.

యాకయ్య తర్వాత వరంగల్ బజారులో ఒక చేతిపంపు కొనుక్కుని నల్లుల మందు కొట్టే పని పెట్టుకున్నాడు. స్టేషను దగ్గరి లాడ్జీలు, కాలేజీ హాస్టళ్లు, సినిమా హాళ్లు తిరిగేవాడు. పిల్లలు నల్లుల యాకయ్య అనేవారు. బస్సులో కనిపిస్తే నా పక్కన నిలబడి కబుర్లు చెప్పేవాడు. పొద్దున ఆట మొదలుకాక ముందు హాలు ఖాళీగా ఉంటుందట. కుర్చీ కుర్చీకి మందు కొట్టి, చివరి వరసలో కూర్చుని తెర వైపు చూసేవాడట. "తెర మీద ఏం లేకున్నా సూడబుద్ధయితది చెల్లె. మా పోరి కనవడుతదేమోనని కాదు. ఊకెనే" అన్నాడు ఒకసారి. భద్రమ్మ ఎనభైలో పోయింది. ఆమె పోయాక ఆయన మాటలు ఇంకా నెమ్మదించాయి. మాట మధ్యలో ఎటో వెళ్లిపోయి, బస్సు మన స్టేజీకి వచ్చాక తిరిగొచ్చేవాడు.

మా అత్త మాత్రం ఆయన్ని ఏనాడూ వదల్లేదు. వీధిలో ఎవరికి జరమొచ్చినా ముందు యాకయ్యకే శాపనార్థాలు. నేను లోపల రొట్టెలు చేస్తూ వినేదాన్ని. పిండి పిసికీ పిసికీ రాయి చేసేదాన్ని.

ఎనభై మూడులో ఒక ఆదివారం పొద్దున అనీస్ బేగం తన మంచాలకు మందు కొట్టించుకోవడానికి యాకయ్యను పిలిపించింది. పక్క వాకిట్లో ఆయన పంపు చప్పుడు వినగానే మా అత్త అరుగు మీదికి వచ్చి కూర్చుంది. వీధి వీధంతా వినేలా మొదలుపెట్టింది.

"అచ్చిండమ్మా దొర! నౌకరి జెయ్య ఒళ్లొంగక పసిపోరిని సంపజూసినోడు. నా మనుమరాలు బతికింది గని, లేకుంటే నీ వంశం..."

"తప్పైంది అవ్వా" అన్నాడు యాకయ్య, పంపు ఆపకుండా. ఏడేండ్లుగా ఆయన అదే మాట అంటున్నాడు.

స్వరూప తొమ్మిదేండ్లది, వాకిట్లో జడ వేసుకుంటోంది. "నాయనమ్మా, గాయిన నన్నెందుకు సంపుదామనుకున్నడే?" అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది పాపం.

నా చేతిలో చెంబు ఎప్పుడు విసిరేశానో తెలియదు.

"ఆయన గాదత్తా! నేను! నేను వద్దన్న. మందు కొట్టనియ్యలే. గోడలు పాడైతయని అడ్డం నిలబడ్డ. మళ్ల అచ్చినా వాపస్ పంపిన. జీపొచ్చిననాడు నీకు భయపడి నోరు మూసుకున్న. ఆయన నా కోసం నౌకరి పోగొట్టుకున్నడు. తిట్టేదుంటే నన్ను తిట్టు!"

పంపు చప్పుడు ఆగిపోయింది. మా అత్త నోరు తెరిచింది. ఆమె మెడనరాలు ఉబ్బాయి. నేను యాకయ్య వైపు చూశాను. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, దెబ్బ పడబోతున్నవాడిలా భుజాలు దగ్గరికి ముడుచుకుని నిలబడ్డాడు.

అత్త నన్ను చూసింది. స్వరూపను చూసింది. మళ్లీ నన్ను చూసింది. తెరిచిన నోరు మెల్లగా మూసింది. అరుగు మీద కొంచెం పక్కకు జరిగింది.

"ఇటొచ్చి కూసో" అంది.

నేను కదల్లేదు.

"కూసోవే. కాళ్లు వణుకుతానయి నీకు."

అంతే అంది. కూర్చున్నాను. నా వీపు మీద చెయ్యి వేసింది గాని, ఇంకేమీ అనలేదు.

యాకయ్య కళ్లు తెరిచాడు. భుజం మీది పంపు తీసి కింద పెట్టాడు. "అనవా అవ్వా?" అని అడిగాడు.

"ఏమనాలెరా?"

"గంతేనా?" ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "గిట్ల సుత ఊకోవచ్చా?"

ఆయన అక్కడే నల్లులు రాలి పడి ఉన్న వాకిట్లో చతికిలబడ్డాడు. బిడ్డ పాడె లేచిననాడు కూడా ఆయన ఏడవలేదంటారు. ఇప్పుడు పెద్దగా, పిల్లల్లా ఏడ్చాడు.

"ఆనాడు నేను ఊకుంటే అయిపోతుండె గద భద్రి," అన్నాడు. "గిట్ల జర పక్కకు జరిగి ఊకుంటే అయిపోతుండె గద."

అనీస్ బేగం చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆయన తాగలేదు.